ఎప్పుడొస్తారని అడగని పట్టిక

14వ రోజు

పొద్దున్నే సోలార్ పలకల మీద పేరుకున్న ఉప్పు గీకాను. ఎంత చదువుకుని వచ్చినా తెప్పవాడలో మొదటి నెల ఉప్పు గీకుడు తప్పదు. నాలుగు వందల పన్నెండు ఇళ్ళు, ఆరు వీధులు, ఒక బడి, ఒక బాతుల దొడ్డి, అన్నీ గాలి డబ్బాల మీద తేలుతున్నాయి. వీటి అడుగున ఒకప్పుడు కొబ్బరితోటలు ఉండేవట. పోటు బాగా తగ్గిన రోజున నీళ్ళలో చెట్ల మోళ్ళ కొసలు కనిపిస్తాయి.

నాకు ఇరవై నాలుగేళ్ళు. ఇంజనీరింగ్ అయిన రెండేళ్ళలో ఇది మూడో ఊరు. మిగతా రెండింట్లో వారానికే విసుగొచ్చింది. ఇక్కడ పద్నాలుగు రోజులైనా రాలేదు. ఎందుకు రాలేదో ఇవాళ తెలిసింది.

మూడో వీధిలో ఆడపిల్ల పుట్టింది. నర్సమ్మ వీధి మొగలో ఉన్న టచ్ పలక మీద వేలు నొక్కింది. ఆఫీసులో నా ముందున్న గోడంత తెర మీద, ఊరి లెక్కలన్నీ ఉండే ఊరి పత్రంలోని మనుషుల పట్టికలో ఒక వరుస చేరింది. పుట్టిన తేదీ గడి నిండగానే టీకాల తేదీలు వాటంతటవే పక్కన పడ్డాయి. ఆ ఇంటి నీళ్ళ వాటా పెరిగింది. ఐదో వీధి దర్జీ పట్టికలో “లైఫ్ జాకెట్, అన్నిటికంటే చిన్నది” అని ఇంకో వరుస పుట్టింది. ఆ సైజు కూడా ఎవరో టైపు చేసింది కాదు. పిల్ల వయసూ తూకమూ చూసి ఫార్ములా లెక్కగట్టింది. పిల్ల పెరిగే కొద్దీ అదీ మారుతుంది. ఉన్న జాకెట్ బిగుతు కాకముందే దర్జీకి కొత్త వరుస వెళుతుంది. తల్లి ఎవర్నీ అడగక్కర్లేదు.

“ఇదంతా మీరే రాశారా?” అన్నాను.

“కాక? నువ్వొచ్చి రాస్తావని పిల్లల్ని మునగనివ్వమంటావా?” అన్నారు తాయారు గారు.

ఓలేటి మంగతాయారు గారికి అరవై ఒక్క ఏళ్ళు. ఊరి పత్రాన్ని చూసుకునేవాళ్ళని ఇక్కడ పట్టికమ్మ అంటారు. ముప్ఫై ఏళ్ళుగా ఆవిడే పట్టికమ్మ. నేను చిన్న పట్టికమ్మని. ఆవిడ కళ్ళకి శుక్లాలు ముదిరిపోయాయి. తెరకి ముక్కు ఆనించి చదువుతారు. అయినా ఏ పట్టికలో ఏ గడి ఎక్కడుందో నాకంటే ముందు చెబుతారు.

19వ రోజు

రేపు తాయారు గారు కళ్ళ ఆపరేషన్‌కి ఒడ్డు మీదికి వెళుతున్నారు. రెండు కళ్ళకీ వరసగా చేస్తారట. మూడు వారాలు ఊరి పత్రం నా చేతుల్లో.

“ఏమైనా మార్చవచ్చా?”

“మార్చు. నీకు అర్థమైందే మార్చు. ఫార్ములా కదిపితే పక్కన నీ పేరు రాయి. రేపు ఎవరైనా తిట్టాలంటే ఎవర్ని తిట్టాలో తెలియాలి కదా.”

తర్వాత పచ్చళ్ళ జాడీ మూత గట్టిగా బిగించమని, బాతుల దొడ్డి తలుపు కొక్కెం సరిగ్గా పడదని, అది ఎత్తి వెయ్యాలని చెప్పారు. మూడు వారాలకి ఆవిడ ఇచ్చిన సూచనలు అంతే.

22వ రోజు

పడవల పట్టిక తెరిచాను. ఇరవై మూడు పడవలు. ప్రతి ప్రయాణానికీ ఒక వరుస: పడవ నడిపే సారంగు పేరు, ఎంతమంది, పట్టిన నీళ్ళు, బయల్దేరిన గంట. చివర ఒక ఇరుకు కాలమ్ ఉంది. దానికి పేరు బదులు ఒక చుక్క. లోపల ఫార్ములా చూస్తే కళ్ళు తిరిగాయి. ఆరేడు వందల అక్షరాలు. మూడో మంచినీళ్ళ ట్యాంకు దగ్గర పడవ పట్టుకున్న నీళ్ళలోంచి పది లీటర్లు తీసెయ్యాలట. మిగిలినవి మనిషికి రోజుకి ఐదు లీటర్ల చొప్పున పంచాలట, వానాకాలమైతే నాలుగు. మధ్యలో ఇంకోటి: పడవలో అప్పన్న ఉంటే ఒక మనిషిని అదనంగా లెక్కపెట్టాలట! ఫార్ములాలో మనిషి పేరు రాయడం నేను ఏ కాలేజీలోనూ చూడలేదు. చివర్లో గాలీ నీటివాలూ ఉన్న పట్టికలకి ఏవో ముళ్ళు. దీనికి కట్టిన ఆటోమేషన్ ఎప్పుడు మోగుతుందో, ఎందుకు మోగుతుందో చదివినా అందలేదు.

చివరికి ఇది కనుక్కోవాలనుకుంటున్నది ఒక్కటే: పడవ వెనక్కి రావడం ఆలస్యమైందా? దానికింత చుట్టుదారి ఎందుకు? తేదీ అడిగితే పోలా?

చుక్క కాలమ్, దానితో పాటు నీళ్ళ కాలమ్ తీసేశాను. “తిరిగి వచ్చే తేదీ” అని కొత్త కాలమ్ పెట్టాను. సారంగు అది నింపితేనే రేవు గేటు తెరుచుకుంటుంది. తేదీ దాటితే వరుస ఎర్రబడి వీధి గంటలు మోగుతాయి. గడిచిపోయిన తేదీ వేస్తే తీసుకోదు. నా ఫార్ములా ఒక్క పంక్తి. పక్కన “హిమజ” అని రాసినప్పుడు సిగ్గులేకుండా మురిసిపోయాను.

26వ రోజు

నాలుగు రోజుల్లో తొమ్మిది పడవలు వెళ్ళాయి, ఆరు వచ్చాయి. అన్నీ పచ్చగా ఉన్నాయి. వీధి పలకల మీద చోటు తక్కువ కాబట్టి తేదీలు దాచేశాను. రంగు కనిపిస్తే చాలు.

బడిలో ఆరో తరగతి పిల్లలు ఆఫీసు చూడ్డానికి వచ్చారు. బాతుల పట్టికలో గుడ్ల సంఖ్య దానంతట అదే పెరగడం చూపించాను. ఒక పిల్ల, “బాతు గుడ్డు పెట్టకపోతే పట్టిక పెడుతుందా అండీ?” అని అడిగింది. మిగతావాళ్ళు నవ్వారు. నేను ఆ ప్రశ్న గురించి సాయంత్రం దాకా ఆలోచించాను.

31వ రోజు

మూడో ట్యాంకు కుళాయి బిరుసుగా తిరుగుతోందంటే పొద్దున్నే వెళ్ళాను. మల్లాడి నూకరత్నం పడవ బయల్దేరుతోంది. తెప్పవాడలో ఆవిడంత దూరం వెళ్ళే సారంగు లేదు. మొత్తం ఐదుగురు. డబ్బాలు నింపుతున్నారు. వాళ్ళలో భుజాలు వెడల్పున్న ఒకడు కుళాయికి నోరు పెట్టి ఆపకుండా తాగుతున్నాడు.

“ఒరే అప్పన్నా, ట్యాంకుని కూడా పడవెక్కించేత్తావేంట్రా?” అంది నూకరత్నం.

ఓహో, ఇతనా అప్పన్న! నవ్వొచ్చింది. తర్వాత నూకరత్నం ఒక నిండు బిందె మంచినీళ్ళు తెచ్చి పడవ మొహం కడిగింది. పసుపు రాసింది. ఆ బిందె పది లీటర్లు ఉంటుంది. తాయారు గారి మీద గౌరవం పెరిగింది. ఇంత చూపు ఆ పాడైన కళ్ళకి ఎలా వచ్చిందో. కానీ అందం వేరు, అవసరం వేరు అని నాకు నేనే చెప్పుకున్నాను.

పలక దగ్గర ఆవిడ తచ్చాడుతోంది. సాయం చేద్దామని, “ఎప్పుడొస్తారండీ?” అన్నాను.

అందరూ చేతిలో పని ఆపేశారు. అప్పన్న తలపాగా తీసి చేత్తో పట్టుకున్నాడు. నూకరత్నం గట్టు మీద కూర్చుని, గ్లాసుడు నీళ్ళు తాగి, కాసేపాగి లేచింది. గట్టున నిలబడ్డ ఆవిడ భర్త సత్తిబాబు నావైపు చూడకుండా, “ఒడ్డుమ్మాయి. తెలీక అంది,” అని అందరికీ చెప్పాడు.

నూకరత్నం మొహం పక్కకి తిప్పుకుని, వేలు తేదీల మీద జరజరా జరిపి ఎక్కడో ఒకచోట నొక్కింది. రేవు గేటు తెరుచుకుంది. వరుస పచ్చబడింది.

నేను తప్పేం చేశానో తెలియలేదు. ఎవర్నైనా అడగడానికి సిగ్గేసింది.

34వ రోజు

మధ్యాహ్నం సత్తిబాబు ఆఫీసుకి వచ్చాడు. ఎండుచేపల పందిరి ఆయన చూసుకుంటాడు. ఒంటినిండా ఆ వాసన. గుమ్మంలోనే నిలబడ్డాడు.

“మూడో ట్యాంకులో నీళ్ళెలాగున్నాయండి పట్టికమ్మగారూ?”

“అరవై రెండు శాతం ఉన్నాయండి. మీ వీధి పలక మీద కూడా కనిపిస్తుందే.”

“అలాగాండి. మరి తాయారమ్మగారి కళ్ళు?”

“ఒకటి అయింది. రెండోది రేపు.”

“మంచిదండి.” అయినా వెళ్ళలేదు. తెర మీద పడవల పట్టిక వైపు చూశాడు. అన్నీ పచ్చగా ఉన్నాయి. అప్పుడు వెళ్ళాడు.

35వ రోజు

మళ్ళీ వచ్చాడు. ఈసారి గాలి ఎటు వీస్తోందని అడిగాడు. జీవితమంతా సముద్రం మీదే ఉన్న మనిషి నన్ను, మెట్టప్రాంతం పిల్లని, గాలి గురించి అడుగుతున్నాడు. “తూర్పు నించండి,” అన్నాను. ఆయన తల ఊపి, నా తెర వైపు చూసి, వెళ్ళిపోయాడు. చొక్కా బొత్తాలు ఒకదానికొకటి తప్పించి పెట్టుకున్నాడు.

36వ రోజు

పొద్దున్నే మూడోసారి. ఏమీ అడగలేదు. గుమ్మం పక్కన గోడకి ఆనుకుని కూర్చున్నాడు.

“మంచినీళ్ళు కావాలా అండీ?”

“వద్దండి.” కాసేపటికి, “ఆ రంగు ఎప్పుడు మారుద్దండి?” అన్నాడు.

“ఏ రంగు?”

చేత్తో తెర వైపు చూపించాడు. నూకరత్నం వరుస. పచ్చగా ఉంది.

దాచిన తేదీల కాలమ్‌ని తెరిచాను. పద్నాలుగు వరుసల్లో, పద్నాలుగు పడవలకీ ఒకే తేదీ ఉంది: డిసెంబరు ముప్ఫై ఒకటి. మే నెలలో వెళ్ళిన పడవలన్నీ డిసెంబరు ఆఖరికి వస్తాయట. ఏ సారంగూ తేదీ చెప్పలేదు. గేటు తెరుచుకోవాలి కాబట్టి క్యాలెండర్ చిట్టచివరికి జరిపి నొక్కేశారు. ఎవరికి వాళ్ళు విడివిడిగా, అందరూ ఒకేలా.

సత్తిబాబుని అడిగాను. “ఆవిడ మామూలుగా ఎన్ని రోజులకి వస్తారండీ?”

ఆయన పెదవులు బిగించి నేల వైపు చూశాడు. కళ్ళలో నీళ్ళున్నాయి. నోరు మాత్రం తెరవలేదు. ఈ ఊళ్ళో ఆ మాట పైకి అనరని అప్పటికి నాకు అర్థమైంది. ఆయన రోజూ ఆఫీసుకి రావడం, అడగాల్సినదాన్ని అడగడమే.

తాయారు గారికి ఫోన్ చేశాను. చేసిందంతా ఒక్క గుక్కలో చెప్పాను. తిడతారనుకున్నాను.

“ఏడవకు. ఏడుస్తూ చదివితే నాకు అంకెలు వినబడవు. నా కళ్ళకి కట్టు కట్టారు, నువ్వే చదవాలి. ఎంత నీళ్ళు పట్టింది?”

“తెలీదండీ. నా ఫారం నీళ్ళు రాయదు. నేను తీసేశాను.”

“ట్యాంకు రాస్తుందిగా.”

నిజమే! ట్యాంకుల పట్టిక పది నిమిషాలకోసారి తన నీటిమట్టం తనే రాసుకుంటుంది. దాన్ని నేను ముట్టుకోలేదు. ముప్ఫై ఒకటో రోజు పొద్దున్న, నూకరత్నం బయల్దేరే ముందు, ఇరవై నిమిషాల్లో నూట ముప్ఫై లీటర్లు తగ్గాయి. ఆ గంటలో వేరే ఎవరూ పట్టలేదు.

“పడవ మొహానికి పది పోతే నూట ఇరవై. మనుషులు?”

“ఐదుగురు. అప్పన్న ఉన్నాడు.”

“అయితే ఆరుగురు. ఎండాకాలం. ఆరైదులు ముప్ఫై. ఎన్ని రోజులు?”

“నాలుగు.” బయల్దేరిన గంట మళ్ళీ చూశాను. “నిన్న పొద్దున్నకే అయిపోయాయండీ.”

పక్కన సత్తిబాబు లేచి నిలబడ్డాడు.

“సముద్రం మీదికెళ్ళేవాణ్ణి ఎప్పుడొస్తావని ఇక్కడ అడగరమ్మాయ్,” అన్నారు తాయారు గారు. “ఇంకా రాలేదేంటని ఇంట్లోవాళ్ళూ అనరు. అంటే అదే నిజమవుతుందని భయం. అది మూఢనమ్మకమని కొత్తలో నేనూ వాదించాను. రెండు పడవలు పోయాయి, ఎవరూ నోరు తెరవక. అప్పుడు వాదన మానేసి ఆ ఫార్ములా రాశాను. వాళ్ళు చెప్పక్కర్లేదు. నీళ్ళు చెబుతాయి. సరే, పాత ప్రతిలోంచి నా చుక్క కాలమ్ తెచ్చి పెట్టు.”

పెట్టాను. గడి నిండా ఎర్రటి తప్పు గుర్తు.

“అది వెతికే గడి నువ్వు తీసేశావు కాబట్టి. పడవల పట్టికలో ‘నీళ్ళు’ అని కాలమ్ పెట్టు. అక్షరం తేడా రాకూడదు. అందులో నూట ముప్ఫై వెయ్యి.”

వేశాను. తప్పు గుర్తు పోయింది. నూకరత్నం వరుస ఎర్రబడింది. ఆ తర్వాత జరిగింది నేను చేతులు ముడుచుకుని చూశానంతే. ఆరు వీధుల గంటలూ ఒకేసారి మోగాయి. రేవులో ఇంధనం నిండుగా ఉన్న రెండు పడవల వరుసలు వాటంతటవే “వెతకడానికి” అని మారాయి. వాటి సారంగుల పలకలు మోగాయి. నర్సమ్మ పట్టికలో ఐదు సెలైన్ల వరుస చేరింది. అప్పుడు ఆ ఫార్ములా చివర్లో ఉన్న ముళ్ళు విప్పుకున్నాయి. రాని పడవకి ఇంజను ఆగిపోయిందని తాయారు గారి లెక్క. ఇంజను ఆగిన పడవని ఐదు రోజుల గాలీ నీటివాలూ ఎటు తీసుకెళ్తాయో గంటగంటకీ కూడుకుంటూ పోయి, సముద్రం మీద ఒక పెట్టె గీసింది. తెప్పవాడకి నైరుతిగా, పద్దెనిమిది మైళ్ళు పొడుగు, ఏడు మైళ్ళు వెడల్పు. ఊరి నుంచి పన్నెండు మైళ్ళు దాటితే ఏ సిగ్నలూ ఉండదు. ఇంకో గడిలో డ్రోన్‌కి దారి పడింది.

వీటన్నిటికీ నాలుగు నిమిషాలు పట్టింది. ఏళ్ళ తరబడి ఒక మనిషి కూర్చుని, ఎవరూ పైకి అనలేని భయాన్నంతా ఇలా గడుల్లో పెట్టింది. నేను దాన్ని ఒక్క పంక్తి చేద్దామనుకున్నాను.

మిగతా పదమూడు వరుసలూ కూడా ట్యాంకులోంచి వెతికి నింపాను. సముద్రం మీదున్న వేరే పడవలకి ఇంకా నీళ్ళున్నాయి. మార్పుల పట్టికలో నేను చేసిందంతా రాసి, అన్ని వీధి పలకల మీదా కనిపించేలా పెట్టాను. కింద నా పేరు.

37వ రోజు

పొద్దుటి నుంచీ ఆఫీసు బయట జనం. ఎవరూ ఏమీ అడగరు. ఒకావిడ చేపలు శుభ్రం చేసుకుంటోంది. ఇద్దరు వల అల్లుతున్నారు. పలక మీద నా పేరు అందరూ చదివారు. ఒక ముసలాయన మాత్రం, “మా తాయారమ్మ ముప్ఫై ఏళ్ళు కట్టిన గూడు. ముప్ఫై నిమిషాలు పట్టిందా అమ్మా పీకడానికి?” అన్నాడు.

“పది నిమిషాలండీ,” అన్నాను. ఆయన పక్కకి జరిగి నాకు చోటిచ్చాడు.

డ్రోన్ మొదటిసారి వెళ్ళి ఖాళీగా వచ్చింది. గాలి కొద్దిగా దక్షిణానికి తిరిగింది. గాలి పట్టికలో ఆ అంకె మారగానే పెట్టె కూడా తెర మీద రెండు మైళ్ళు జరిగింది. నేనేమీ చెయ్యలేదు. డ్రోన్ రెండోసారి ఆ జరిగిన పెట్టెలోకి వెళ్ళింది. పన్నెండున్నరకి వెతికే పడవల్లో ఒకటి సిగ్నల్ హద్దులోకి తిరిగొచ్చింది. నూకరత్నం వరుసలో గడి మారింది.

“దొరికారు. ఐదుగురూ.”

బయట ఎవరూ కేకలు పెట్టలేదు. చేపల ఆవిడ కత్తిపీట మీద నుంచి లేచి, కుడిచేయి కొంగుకి తుడుచుకుని, సత్తిబాబు వీపు మీద ఒక్క చరుపు చరిచింది. ఆయన అప్పుడు కూలబడి ఏడ్చాడు.

39వ రోజు

నూకరత్నం ఆఫీసుకి వచ్చింది. పెదాలు పగిలి ఉన్నాయి, మాట మాత్రం ఎప్పటిలాగే ఉంది. వెనకాల సత్తిబాబు.

కుర్చీ వేశాను. క్షమించమని అడగబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

“అదలా ఉంచండి. రెండో రోజునే గేరు విరిగిపోయింది. నీల్లు డబ్బా మూతతో కొలిచి పోశాను. నాలుగు రోజుల నీల్లు ఆర్రోజులు తాగాం. ఆ అప్పన్నగాడున్నాడే, ఆఖరి రెండ్రోజులూ ఆడి వాటా ముట్టలేదండి. ‘నేను బయల్దేరే ముందే తాగేశాను కదా అక్కా’ అంటాడు. నీరసించి పడుకున్న మా పడవ కుర్రోడి నోట్లో పోశాడు.” కొంగుతో పెదాలు అద్దుకుంది. “అందుకే వచ్చాను. మా పడవ వరుసలో ఇంకో రెండ్రోజులు కలపండి.”

“ఎందుకండీ?”

“ఎందుకేంటి? నాలుగు రోజులకే గంటలు కొట్టేత్తే ఊరంతా ఏమనుకుంటారు? నూకరత్నం నాలుగు రోజులకే గుడ్లు తేలేత్తుందనుకోరూ? ఆరు రోజులు ఉండగలం. ఉండి చూపించాం.”

ఆవిడ అడుగుతున్నది చెయ్యడానికి నాకు అర నిమిషం పట్టదు. ఆవిడ చెప్పిన లెక్క నిజం కూడా.

“కలపనండీ,” అన్నాను.

“అదేంటి?”

“మీరు ఆరు రోజులు ఉండగలరని పట్టికకి చెబితే, అది ఆరు రోజులూ ఊరుకుంటుంది. ఏడో రోజు వెతకడానికి బయల్దేరుతుంది.”

“తాయారమ్మగారు కూడా ఇలాగే మొండి,” అంది. కోపమో మెచ్చుకోలో తెలియలేదు.

అప్పుడు వెనక నుంచి సత్తిబాబు ముందుకొచ్చాడు. ఆయన భార్య వైపు చూడలేదు. తెర వైపు చూశాడు.

“పట్టికమ్మగారూ,” అన్నాడు, “ఓ రోజు తగ్గించండి. ఇంకా తాగడానికి కాసిని ఉండగానే ఎతకడానికెళ్ళాలండి మనం.”

నూకరత్నం చివ్వున వెనక్కి తిరిగింది. ఏదో అనబోయింది. ఆయన చొక్కా బొత్తాలు ఈ రోజు కూడా ఒకదానికొకటి తప్పే ఉన్నాయి. ఆవిడ చెయ్యి పెట్టి పై బొత్తాం విప్పి, సరైన కాజాలో పెట్టింది. తర్వాతది. తర్వాతది.

వాళ్ళిద్దరూ చూస్తుండగానే మార్చాను. గడిలో నాలుగు మూడైంది.